హెచ్చరిక సంఖ్య కొండది, దూరం మనది

2019 డిసెంబరు 9వ తేదీ మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు, న్యూజిలాండ్ తీరానికి సుమారు 48 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫకారి అనే చిన్న అగ్నిపర్వత ద్వీపంలో, శాస్త్రవేత్తలు బిలం అంచున అమర్చిన కెమెరా ఎప్పటిలాగే ఒక ఫొటో తీసింది. బూడిదరంగు నేల మీద వరుసగా నడుస్తున్న మనుషులు ఆ ఫొటోలో చీమల బారులా కనిపిస్తారు. మరో నిమిషానికి బిలం పేలింది. అప్పుడు ద్వీపం మీద ఉన్నవారు 47 మంది. వారిలో 22 మంది మరణించారు, బతికిన వారిలో చాలామంది ఒళ్ళంతా కాలి నెలల తరబడి ఆసుపత్రుల్లో గడిపారు. వాళ్ళ తలల మీద హెల్మెట్లున్నాయి, దగ్గర గ్యాస్ మాస్కులున్నాయి, దారి క్షుణ్ణంగా తెలిసిన గైడ్లు వెంట ఉన్నారు. ఆ రోజు అక్కడ లావా మాత్రం ప్రవహించనేలేదు.

ఈ చివరి మాట చాలామందికి వింతగా తోస్తుంది, అందుకు కొంత కారణం మన భాషలోనే ఉంది. ఈ కొండలకు మనం పెట్టుకున్న పేరు అగ్నిపర్వతం. ఆ పేరు వినగానే మనసు నిప్పు మీదికి పోతుంది, ఎర్రటి లావా ఏటికి దూరంగా ఉంటే చాలు, ప్రాణానికి ఢోకా లేదనిపిస్తుంది. నిజానికి చూడటానికి వెళ్ళినవారిని లావా చంపిన సందర్భాలు అరుదు. వారిని బలిగొన్నవి ఎక్కువగా ఆవిరి, ఎగిరిపడే రాళ్ళు, కంటికి కనబడని వాయువులు, వేడి బూడిద మేఘాలు. వీటిలో కొన్ని అగ్నిపర్వతం ప్రశాంతంగా ఉన్నట్టు కనిపించే రోజునే వస్తాయి.

ఫకారిలో పేలింది ఆవిరి. వాన నీరు, సముద్రపు నీరు రాతి పగుళ్ళ గుండా కిందికి దిగి, లోపల కరిగి ఉన్న రాయి, అంటే మాగ్మా, వేడికి వందల డిగ్రీల దాకా కాగినా, పైనున్న ఒత్తిడి వల్ల ఆవిరి కాలేక ద్రవంగానే నిలిచి ఉంటుంది. వేడి నీటితో పాటు పైకి వచ్చిన ఖనిజాలు, బంకమట్టి ఆ పగుళ్ళలోనే పేరుకుని దారులు మూసేస్తాయి. కుక్కరు విజిల్ గొట్టంలో పప్పు పొట్టు అడ్డం పడితే ఏమవుతుందో మన వంటిళ్ళలో తెలియనివారు లేరు. ఎక్కడో ఒకచోట మూత పగిలి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే, ఆ నీరంతా క్షణంలో ఆవిరవుతుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బే బలమే బిలం అడుగును పిండి చేసి, రాళ్ళనూ బురదనూ వేడి బూడిదనూ పైకి, పక్కలకు విసిరికొడుతుంది.

పర్యాటకుడికి ఇందులో ముఖ్యమైన సంగతి పేలుడు తీవ్రత కాదు, ముందస్తు సూచన లేకపోవడం. మాగ్మా లోతుల నుంచి పైకి కదిలినప్పుడు రాళ్ళు పగిలి వందలు వేలుగా చిన్న భూకంపాలు వస్తాయి, కొండ ఒళ్ళు ఉబ్బుతుంది, వెలువడే వాయువుల పాళ్ళు మారతాయి. ఫిలిప్పీన్స్‌లోని పినటుబో 1991 జూన్ 15న బ్రహ్మాండంగా బద్దలైనా వేలాది ప్రాణాలు దక్కాయంటే, అది వారాల తరబడి ఇలాంటి గుర్తులు చూపింది గనక, శాస్త్రవేత్తలు వాటిని చదవగలిగారు గనక. ఆవిరి పేలుడుకు మాగ్మా కదలవలసిన పని లేదు. కింద వేడి, మధ్యలో నీరు, పైన మూత ఉంటే చాలు. అందువల్ల అది ఇచ్చే గుర్తులు చిన్నవి, ఆలస్యంగా వచ్చేవి, ఒక్కోసారి రోజువారీ కదలికల్లో కలిసిపోయేవి.

జపాన్‌లోని ఒంటాకే ఇందుకు కఠినమైన ఉదాహరణ. 2014 సెప్టెంబరు 27 శనివారం. ఆకులు ఎరుపెక్కే కాలం, ఆకాశం నిర్మలంగా ఉంది, 3,067 మీటర్ల శిఖరం దగ్గర మధ్యాహ్న భోజనానికి కూర్చున్నవారు చాలామంది. ఉదయం 11 గంటల 52 నిమిషాలకు కొండ పేలింది. మరణించినవారు, ఆచూకీ దొరకనివారు కలిపి 63 మంది. అత్యధికులను పొట్టన పెట్టుకున్నవి వాన కురిసినట్టు పడిన రాళ్ళు. మృతుల కెమెరాల్లో, ఫోన్లలో పేలుడు మేఘం ఫొటోలు దొరికాయి. ఆ మేఘం పైకి లేవడాన్ని చూస్తూ నిలబడిన ఆ కొద్ది క్షణాలే, బండ చాటుకో విడిది గృహం కప్పు కిందికో పరుగెత్తడానికి ఉన్న మొత్తం వ్యవధి. ముందుగా గుర్తులేవీ లేవా అంటే, సెప్టెంబరు 10, 11 తేదీల్లో రోజుకు యాభైకి పైగా చిన్న భూకంపాలు నమోదయ్యాయి, ఆ తర్వాత తగ్గాయి. కొండ ఉబ్బడం మొదలైంది పేలుడుకు సుమారు ఏడు నిమిషాల ముందు. ఏడు నిమిషాల్లో ఆ సమాచారం శాస్త్రవేత్త కంటపడి, అర్థమై, ప్రకటనగా మారి, శిఖరం మీద అన్నం తింటున్న మనిషిని చేరి, అతన్ని కిందికి దించగలదా?

ఆ రోజు ఒంటాకే హెచ్చరిక స్థాయి ఐదింటిలో ఒకటి, అంటే అన్నిటికంటే తక్కువది. ఆ స్థాయికి జపాన్ వాతావరణ సంస్థ అప్పట్లో పెట్టిన పేరు ‘మామూలు’ అనే అర్థం ఇచ్చేది. ప్రమాదం తర్వాత, 2015లో, అంకె అలాగే ఉంచి మాట మార్చారు. ‘ఇది సజీవ అగ్నిపర్వతమని గమనించండి’ అనే భావం వచ్చేలా రాశారు. ఒక అంకె పక్కన రాసిన ఒక మాట మనుషుల నడవడికను ఎంతగా శాసిస్తుందో అధికారికంగా ఒప్పుకున్న సందర్భంగా దీన్ని నేను చూస్తాను.

ఈ హెచ్చరిక స్థాయిల దగ్గరే అసలు చిక్కుముడి ఉంది. మన కోస్తాలో పుట్టి పెరిగినవారికి ఓడరేవు హెచ్చరికలు కొత్తవి కావు. మచిలీపట్నంలో మూడో నంబరు ఎగరేశారు, కాకినాడలో పదో నంబరు పెట్టారు అని రేడియోలో విన్న తరాలు మనవి. ఆ నంబరు నిజానికి ఓడలను ఉద్దేశించి, తుపాను పరిస్థితిని చెబుతుంది. ఒడ్డున పూరిపాకలో ఉన్నవాడికి ప్రమాదం ఎంతో తెలియాలంటే, ఆ పాక సముద్రానికి ఎంత దగ్గర, ఎంత పల్లంలో ఉంది అనే లెక్క విడిగా వేసుకోవాలి. అగ్నిపర్వతం హెచ్చరిక సంఖ్య కూడా సరిగ్గా అలాంటిదే. అది కొండ ఇప్పుడు ఎలా ఉందో చెబుతుంది. మనం నిల్చున్న చోటు ఎంత ప్రమాదకరమో చెప్పదు. పోలిక ఇక్కడితో ఆగిపోతుంది కూడా. తుపానును ఉపగ్రహం నాలుగు రోజుల ముందే చూపిస్తుంది, ఆవిరి పేలుడును చూపించే ఉపగ్రహం లేదు.

పైగా ఈ సంఖ్యలకు ప్రపంచమంతటా ఒకే అర్థం లేదు. న్యూజిలాండ్‌లో స్థాయిలు సున్నా నుంచి ఐదు దాకా ఉంటాయి. మూడు అంటే చిన్న విస్ఫోటనం అప్పటికే జరుగుతున్నట్టు. కాబట్టి 2019 నవంబరు 18న ఫకారిని రెండో స్థాయికి పెంచారంటే, విస్ఫోటనం జరగకుండా ఉండే పరిస్థితుల్లో అదే అత్యున్నతం. ఐదింటిలో రెండే కదా అనుకున్న పర్యాటకుడికి ఆ సంగతి తెలిసి ఉంటుందా? ఇండోనేషియాలో స్థాయిలు నాలుగు, వాటికి పేర్లు కూడా ఉన్నాయి: నోర్మల్, వస్పద, సియాగ, అవస్. అమెరికాలో నేల మీదివారికి ఒక వరుస పేర్లు, విమానాలకు ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా రంగులు. ఒక దేశపు రెండును మరో దేశపు రెండుతో పోల్చడం, మన పదో తరగతి మార్కులను వేరే దేశపు గ్రేడుతో పోల్చినంత వృథా ప్రయాస.

సంఖ్య కంటే దానితో పాటు ఇచ్చే దూరం ముఖ్యమన్నది సుమత్రాలోని మరపి నేర్పిన పాఠం. (జావాలోని ప్రసిద్ధమైన మెరాపి వేరు, ఇది వేరు, పేర్లు దగ్గరగా ఉండటం వల్ల వార్తల్లో తరచు తారుమారవుతుంటాయి.) 2,891 మీటర్ల మరపి 2011 నుంచి 2023 చివరిదాకా రెండో స్థాయిలోనే ఉంటూ వచ్చింది. బిలానికి మూడు కిలోమీటర్ల లోపు ఎవరూ వెళ్ళరాదని ఇండోనేషియా అగ్నిపర్వత పరిశీలన సంస్థ చెబుతూనే ఉండేది. అయినా శిఖరారోహణకు ఆన్‌లైన్‌లో అనుమతి టికెట్లు దొరికేవి, వారాంతాల్లో కుర్రకారు ఎక్కుతూనే ఉండేది. 2023 డిసెంబరు 3, ఆదివారం, అది పేలినప్పుడు కొండ మీద 75 మంది ఉన్నారు, 24 మంది చనిపోయారు. టికెట్ ఇచ్చే చేయి, గీత గీసే చేయి ఒక్కటే కావని ఇక్కడ గ్రహించాలి. టికెట్ దొరికిందంటే దారి తెరిచి ఉందని మాత్రమే అర్థం, ఆ దారి గీతకు ఇవతల ఉందో అవతల ఉందో మ్యాపు తెరిచి మనమే చూసుకోవాలి. ఫకారి విషయంలో కూడా పర్యాటకులకు ప్రమాదం గురించి చెప్పవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న చాలా ఏళ్ళు కోర్టుల్లో నలిగింది. చనిపోయినవారికి ఆ జవాబుతో పని లేదు.

ఇక కొన్ని కొండలు క్రమశిక్షణతో మోసం చేస్తాయి. ఇటలీలోని స్ట్రాంబోలి ఎన్నో శతాబ్దాలుగా కొన్ని నిమిషాలకోసారి చిన్న నిప్పుల జల్లు చిమ్ముతూ ఉండటం వల్ల, దాన్ని మధ్యధరా సముద్రపు దీపస్తంభం అని పిలిచేవారు. అంత క్రమంగా ప్రవర్తించే కొండను ఎవరైనా నమ్ముతారు. 2019 జులై 3న అది ఆ క్రమం తప్పి భారీగా పేలింది, నడుస్తున్న ఒక యాత్రికుడు చనిపోయాడు. ఆగస్టు 28న మళ్ళీ అదే స్థాయిలో పేలింది. నిన్నటిదాకా ఏమీ కాలేదన్నది ఇవాళ్టికి హామీ కాదని అందరూ ఒప్పుకుంటారు గానీ, నిన్న వెళ్ళొచ్చినవాడి వీడియో చూశాక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

అన్ని అగ్నిపర్వతాలూ ఇలా దాగుడుమూతలాడవు. హవాయిలోని కిలావేయా, ఐస్‌లాండ్‌లోని రేక్యానెస్ ద్వీపకల్పం వంటి చోట్ల మాగ్మా పల్చగా ఉంటుంది. అందులోని వాయువులు సులువుగా తప్పించుకుంటాయి గనక ఒత్తిడి పేరుకోదు, లావా సాధారణంగా పేలకుండా పొంగి ప్రవహిస్తుంది. 2024 డిసెంబరు 23న మొదలైన కిలావేయా విస్ఫోటనంలో లావా ఫౌంటెన్లు కొన్నిసార్లు మూడు వందల మీటర్లకు పైగా ఎగిశాయి, వాటిని జనం బిలం గట్టు మీద నిర్ణయించిన చోట్ల నుంచి చూశారు. నిప్పు చూడాలన్న కోరిక ఉన్నవారు వెళ్ళవలసింది ఇలాంటి చోట్లకే అని నా అభిప్రాయం. అయితే వీటి ప్రమాదాలు వీటికున్నాయి.

2021 మార్చి 19న ఐస్‌లాండ్‌లోని ఫాగ్రదల్స్‌ఫ్యాల్‌లో మొదలైన విస్ఫోటనాన్ని చూడటానికి లక్షల మంది నడిచి వెళ్ళారు. ఏప్రిల్ 5న, అప్పటికి చూస్తున్న బిలాలకు సుమారు 700 మీటర్ల దూరంలో, ఏమీ లేని చోట నేల చీలి కొత్తగా లావా పొంగింది; జనాన్ని హడావుడిగా ఖాళీ చేయించారు. అంటే అక్కడ దూరాన్ని కనిపిస్తున్న బిలం నుంచి కాదు, కింద మాగ్మా పరుచుకున్న గీత నుంచి కొలవాలి. నల్లగా గట్టిపడిన లావా పైపెంకు మీదికెక్కి ఫొటోలు దిగినవారు కూడా అక్కడ కనిపించారు. పాల మీద మీగడ కట్టినంత మాత్రాన కింద పాలు చల్లారినట్టు కాదు, ఆ పెంకు కింద వెయ్యి డిగ్రీలకు పైబడిన ద్రవం కదులుతూ ఉండవచ్చు. లావా సముద్రంలో కలిసే చోటు మరీ ప్రమాదకరం. అక్కడ లేచే తెల్లటి పొగ ఉత్త ఆవిరి కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సన్నని గాజు రేణువులు కలిసిన ఆవిరి. 2018 జులై 16న హవాయి తీరంలో ఇలాంటి చోటికి దగ్గరగా వెళ్ళిన పర్యాటకుల పడవ మీద లావా ముద్ద పడి 23 మంది గాయపడ్డారు.

వాయువుల సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అవి పేలుడుతో పని లేకుండానే చంపగలవు. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గాలికంటే బరువు. గాలి ఆడని రోజున పల్లాల్లో, గుంతల్లో నీళ్ళు నిలిచినట్టు నిలుస్తుంది, దానికి రంగూ లేదు వాసనా లేదు. నిలబడ్డ మనిషికి బాగానే ఉన్న చోట, కూర్చున్నవాడికో చంటిపిల్లకో ఊపిరాడకపోవచ్చు. ఫాగ్రదల్స్‌ఫ్యాల్‌కు కుక్కలను తీసుకురావద్దని అధికారులు చెప్పింది ఇందుకే, వాటి ముక్కు నేలకు దగ్గర. గాలి వీపు మీదికి వీచేలా నిలబడటం, ఎత్తైన మెరక మీద ఉండటం అక్కడి మొదటి నియమం. కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మరో రకం మోసగత్తె. మోతాదు పెరిగితే అది వాసన పట్టే శక్తినే చంపేస్తుంది, కంపు పోయింది కదా అని మనం ఊరట చెందుతాం. గంధకం మండిన ఘాటుతో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ ఉబ్బసం ఉన్నవారికి తక్కువ మోతాదులో కూడా ప్రాణాంతకం కావచ్చు. జపాన్‌లోని అసో కొండ బిలం దగ్గర ఈ వాయువును నిరంతరం కొలుస్తారు, పెరిగితే దారి మూసేస్తారు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారిని తెరిచి ఉన్న రోజున కూడా రావద్దంటారు. ఉబ్బసం ఉండి కూడా ఇంత దూరం వచ్చాం కదా అని ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని ఎక్కేవారికి చెప్పవలసిన మాట ఒక్కటే: ఎక్కవద్దు.

బాలి వెళ్ళే మన తెలుగువాళ్ళు ఈమధ్య పక్కనే జావా తూర్పు కొసనున్న ఇజెన్‌ను కూడా ప్రయాణంలో కలుపుకుంటున్నారు. అర్ధరాత్రి ఎక్కి బిలంలోకి దిగితే నీలిమంట కనిపిస్తుంది. అది లావా కాదు, గంధకపు వాయువులు మండటం. ఆ పక్కనున్న అందమైన పాలపచ్చ సరస్సు బ్యాటరీ యాసిడ్‌లాంటి ఆమ్లం. అక్కడ అద్దెకిచ్చే మాస్కులో సరైన ఫిల్టరు ఉందో లేదో, అది ఎన్నాళ్ళ నాటిదో అడిగి చూసుకోవాలి. కోవిడ్ నాటి ఎన్95 మాస్కు బూడిదను ఆపుతుంది, వాయువును ఆపదు. తడి తువాలు అంతకంటే తక్కువ. గాలి తిరిగి పొగ మీదికి వస్తే మాస్కు బిగించుకుని నిలబడటం కాదు, అడ్డంగా పక్కకు తప్పుకుని పైకి వచ్చేయాలి.

బూడిద అన్న మాట కూడా మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుంది. పొయ్యిలో బూడిద మెత్తగా ఉంటుంది, గిన్నెలు తోముకుంటాం, నీళ్ళలో వేస్తే తేలికగా కలిసిపోతుంది. అగ్నిపర్వతపు బూడిద ఏదీ కాలగా మిగిలినది కాదు, రాయీ గాజూ పొడైనది. రెండు వేళ్ళ మధ్య రుద్దితే గరుకుగా గీసుకుంటుంది. భూతద్దం కింద పెడితే పగిలిన సీసా పెంకుల కుప్పలా ఉంటుంది. కాంటాక్ట్ లెన్సు కింద ఒక్క రేణువు చేరితే కంటిపొర గీసుకుపోతుంది, అందుకని అక్కడికి వెళ్ళేవారు మామూలు కళ్ళజోడు పెట్టుకోవడం మంచిది.

ఇవన్నీ తెలిశాక మిగిలేవి రెండే లెక్కలు: ఎంత దూరంలో ఉన్నాం, ఎంతసేపు ఉన్నాం. ఒంటాకేలో రాళ్ళు దట్టంగా పడినది పేలిన బిలాల చుట్టూ దాదాపు కిలోమీటరు లోపు. అంటే సజీవమైన బిలం అంచున గడిపే ప్రతి నిమిషం ఒక లాటరీ టికెట్టు కొనడం వంటిది, ఒక్కో టికెట్టుకు గండం తగిలే అవకాశం చాలా తక్కువైనా కొన్నకొద్దీ పెరుగుతుంది. పర్యాటకుడు జీవితంలో ఒకసారి, ఒక గంట ఉంటాడు. గైడు వందలసార్లు వెళతాడు. ఫకారిలో చనిపోయినవారిలో గైడ్లు కూడా ఉన్నారు. నేను వందసార్లు వెళ్ళాను, ఏమీ కాలేదు అని గైడు చెప్పే ధైర్యం అందువల్ల లెక్కకు నిలవదు. బిలం అంచున పది నిమిషాలు నిలబడి చూసి, ఫలహారం పొట్లాలు కిలోమీటరు కిందికి దిగాక విప్పుకుంటే, చూడవలసింది ఏదీ తగ్గదు, ప్రమాదంలో ఉన్న సమయం మాత్రం బాగా తగ్గుతుంది.

బయల్దేరే రోజు ఉదయం ఆ దేశపు పరిశీలన సంస్థ ప్రకటనను నేరుగా చూడాలి, అంతేగాని వారం కిందటి యూట్యూబ్ వీడియోను కాదు. న్యూజిలాండ్‌కు జియోనెట్, ఇండోనేషియాకు మాగ్మా ఇండోనేషియా, అమెరికాకు జియలాజికల్ సర్వే ఇలాంటి సమాచారాన్ని ఇంగ్లీషులో కూడా అందిస్తాయి. అందులో సంఖ్యను దాటి కింది పంక్తులు చదవాలి: ఎన్ని కిలోమీటర్ల నిషేధం, ఏ దిక్కున, ఏ నదీలోయలో. లోయలు ఎందుకంటే, వేడి బూడిద ప్రవాహాలు, వాన కురిస్తే దిగే బురద వరదలు పల్లం వెంటనే పరుగెడతాయి. కార్ల కంటే వేగంగా వచ్చే వేడి ప్రవాహాన్ని పరుగెత్తి ఓడించలేం. ఆ దారిలో లేకపోవడమే ఉపాయం. రాళ్ళు పడుతుంటే మాత్రం చేయగలిగింది కొంత ఉంది: ఫోన్ జేబులో పెట్టి, దగ్గరున్న కాంక్రీటు షెల్టరులోకో పెద్ద బండ చాటుకో చేరి, వీపు సంచిని తల మీద, మెడ మీద పెట్టుకుని ముడుచుకోవాలి. కొండెక్కే దారిలోనే షెల్టర్లు ఎక్కడున్నాయో గమనించి పెట్టుకోవడం ఇందుకే.

నిషేధిత గీత దాటి వెళ్ళి గాయపడితే చాలా బీమా పాలసీలు పైసా చెల్లించవు, ఆ షరతు ముందే చదువుకోవాలి. కొండ దరిదాపులకు వెళ్ళనివారు కూడా తప్పించుకోలేని చిక్కు విమానాలది. 2024 నవంబరులో ఫ్లోరెస్ దీవిలోని లెవొటోబి బూడిద చిమ్మితే, అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలోని బాలిలో పదుల కొద్దీ విమానాలు రద్దయ్యాయి. బీపీ, షుగరు మాత్రలు వారానికి సరిపడా అదనంగా పెట్టుకోవడం అమ్మమ్మ సలహాలా అనిపించినా, అలాంటి రోజున బాగా అక్కరకొస్తుంది.

మన దేశంలో సజీవ అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి. నిన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురానికి ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1787లో అది చిమ్మినట్టు తొలి రాత ఆధారం ఉంది. ఆ తర్వాత మరికొన్నిసార్లు చిమ్మి, దాదాపు నూట యాభై ఏళ్ళు నిద్రపోయి 1991లో లేచింది, 2025 సెప్టెంబరులో కూడా చిన్నగా చిమ్మింది. నీటి పైన సుమారు 350 మీటర్లే కనబడే ఆ కొండ, సముద్రపు అడుగు నుంచి రెండు కిలోమీటర్లకు పైగా లేచి నిలిచింది. అక్కడ మనుషుల కాపురం లేదు, ఎప్పుడో వదిలిన మేకల సంతతి మాత్రం తిరుగుతుంటుంది. అనుమతి తీసుకుని వెళ్ళే పర్యాటకులను కూడా ఒడ్డున దిగనివ్వరు. పడవ దూరంగానే ఒక చుట్టు చుట్టి, నల్లటి లావా పాయలు సముద్రంలోకి దిగిన తీరు చూపించి, తిరుగు ప్రయాణం కడుతుంది.